మధ్యలో దిగే ఊరు

ఫిబ్రవరి 3

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఎదురు కొట్టుకి ఫోను చేస్తానన్నావు. చెయ్యి, అతను కేకేస్తే వెళ్ళి వింటాను. కానీ నేనేం మాట్లాడను? ఆపరేషన్లో గొంతు పెట్టె మొత్తం తీసేశారు. ఈ వీధి వీధంతా నన్ను మైకు అని పిలిచింది కదా, ఇప్పుడు మైకుకి కరెంటు పీకేశారు. మొన్న జాకెట్టు గుడ్డ తెచ్చినావిడ, "అమ్మయ్య, ఇక నీతో కుట్టుకూలి బేరమాడే బాధ తప్పింది" అంది. నవ్వొచ్చింది. నవ్వుకి కూడా చప్పుడు లేదు.

మిషను తొక్కుతూనే ఉన్నాను. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి అయినప్పుడు కూర్చునే నొప్పే నయం, నాలుగు జాకెట్టు చేతులైనా కుట్టొచ్చు. చెవి వెనక మొదలై దవడ మీదుగా భుజంలోకి దిగుతుంది. సూదిలో దారం ఎక్కించడానికి తల వంచానా, ఎవరో ఎర్రగా కాల్చిన కడ్డీ లోపల తిప్పినట్టు ఉంటుంది. ఇదంతా నీకు రాయకూడదనే అనుకున్నాను.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అది మళ్ళీ పాకిందట. కొయ్యడానికి ఇక వీల్లేదు, నొప్పి తగ్గించడమే మిగిలిందంది. ఆ నొప్పి తగ్గించే మాత్ర మా ఊళ్ళో ఏ మందుల కొట్టూ పెట్టదు. దానికి వేరే లైసెన్సు కావాలట, ఆ తలనొప్పి మాకెందుకంటారు. పెద్దాసుపత్రికి ఎప్పుడో వస్తాయి, వచ్చినవి లోపల మంచాల మీదున్నవాళ్ళకే చాలవు. కాగితం మీద ఆ మాత్ర పేరు రాసిచ్చింది. చూస్తే ఎక్కడో చదివిన పేరు. ఇంటికొచ్చి నీ పాత ఉత్తరాలు తీశాను. బావగారు లిఫ్టు గోతిలో జారిపడి నడుం విరగ్గొట్టుకున్నప్పుడు ఆయనకి రాశారన్నావే, అదే.

ఆయన దగ్గర ఇంకా ఉన్నాయా? మిగిలినవుంటేనే. నోరు లేదు గనక కాగితం మీద అడుగుతున్నాను, నోరుంటే అడిగేదాన్ని కాదు.

కరెంటు లేని నీ మైకు

*

ఫిబ్రవరి 11

మైకూ,

ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. విని లేచి, చెప్పుల అలమరలోంచి సీసా తెచ్చి నా ముందు పెట్టారు. సగానికి పైగా నిండుగా ఉంది. నీకు ఆపరేషన్ అని తెలిసిన రోజు నుంచీ రెండు వేసుకోవలసిన చోట ఒకటి, ఒకటి వేసుకోవలసిన చోట సున్నా వేసుకుంటూ దాచారట. పక్కలో పడుకునే నాకే తెలీదు! ఆ మధ్య మెట్లు ఎక్కుతూ రెయిలింగు పట్టుకుని ఆగిపోతుంటే వయసనుకున్నాను. తిట్టాను. "నాది నడుం నొప్పి, వేన్నీళ్ళ కాపడానికి లొంగుతుంది. దానిది లొంగే రకం కాదు," అన్నారు.

పోస్టులో ఇలాంటివి పంపనివ్వరు. మనిషే తేవాలి. ఆయనకి కంపెనీలో సెలవు దొరుకుతుంది, నాకు దొరకదు. హోటల్లో ఇప్పుడు గదులన్నీ నిండి ఉన్నాయి. లాండ్రీలో దుప్పట్లు కొండలా పడి ఉంటే సూపర్‌వైజరు నన్ను టాయిలెట్‌కి పంపడానికే ఏడుస్తాడు.

ప్రయాణం విషయం. రెండు దారులు చెప్పాడు టికెట్ల ఆఫీసులో. ఒకే టికెట్టు మీద వస్తే మధ్యలో విమానం మారినా లోపలే కూర్చోవచ్చు, సామాను దానంతటదే రెండో విమానంలోకి వెళ్తుంది. కానీ ఆ టికెట్లు వచ్చే నెలాఖరు దాకా లేవు. రెండో దారి, రెండు వేరు వేరు టికెట్లు కొనుక్కోవడం. అవి వెంటనే దొరుకుతాయి. కాకపోతే మధ్యలో దిగే ఊళ్ళో బయటికి రావాలి, బ్యాగు తీసుకోవాలి, మర్నాడు పొద్దున మళ్ళీ అప్పగించాలి. అందుకు ఆ దేశం వీసా కావాలి. "ట్రాన్సిట్ వీసా అంటే ఏముందండీ, స్టాంపే కదా," అంది కౌంటర్లో పిల్ల.

నెలాఖరు దాకా ఆగగలవా? చెప్పు. ఏదైనా సరే, ఈ మాత్రలు నీకేనని, నీ జబ్బు ఫలానా అని డాక్టరమ్మ చేత ఒక ఉత్తరం రాయించి పంపు. ఎక్కడైనా తనిఖీలో అడిగితే చూపించడానికి ఉంటుంది. కాగితం ఉంటే భయం ఉండదు.

వేళకి ఇంత జావ అయినా తాగు.

మీ అక్క

*

ఫిబ్రవరి 19

అక్కా,

డాక్టరమ్మ ఉత్తరం ఇందులో పెట్టాను. స్టాంపు కొట్టి, సంతకం పెట్టి, పైన నా పేరు పెద్దక్షరాలతో రాయించాను, కళ్ళజోడు లేని ఆఫీసరుకైనా కనబడేలా.

ఆగగలనా అని అడిగావు. ఆగలేను అక్కా. నీ దగ్గర బింకం పోను. నిన్న ఒక చంటిదాని గౌను కుడుతూ మెడపట్టీ తిరగేసి కుట్టాను. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చెయ్యలేదు. విప్పుదామని కత్తెర తీస్తే, నొప్పి పొడిచిన చోట అది జారి గుడ్డ చినిగింది. ఆ తల్లికి ఏమని చెప్పను? నోరు లేదుగా, కొత్త గుడ్డ కొనిచ్చాను.

ఏ విమానం ముందుంటే అందులో రమ్మను. రెండు టికెట్లయితే రెండు, నాలుగైతే నాలుగు. మధ్యలో ఆ ఊళ్ళో ఒక పూట పడుకుంటే బావగారి నడుముకీ విశ్రాంతి. పక్కింటి కాంపౌండరు ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకొస్తానన్నాడు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఏడుపుమొహం పెడతాడు గానీ, మనిషి మంచివాడు.

బావగారికి నా మాటగా చెప్పు. దాచిన మాత్రలన్నీ నాకొద్దు, దారికి సరిపడా ఆయన వేసుకుని మిగిలినవే తెమ్మను. వింటారని కాదు, చెప్పానని ఉంటుంది.

ఎదురుచూస్తూ,
మైకు

*

మార్చి 16

చెల్లీ,

చెడ్డ కబురు రాస్తున్నాను, మనసు గట్టి చేసుకో. మీ బావకి మధ్యలో దిగే ఆ దేశం వీసా ఇవ్వలేదు. ఎందుకో చెప్పలేదు. టికెట్లు వృథా అయ్యాయి. కంపెనీవాళ్ళు సెలవు రద్దుచేసి ఇంకో ఊళ్ళో కొత్త భవనం పనికి పంపేశారు. ఆయన అక్కడి నుంచి వచ్చాక ఇంకో ప్రయత్నం చేద్దాం. ఉత్తరం రాయలేదని ఆయన మీద కోపం తెచ్చుకోకు. అక్కడ పని ఊపిరాడనివ్వదట.

నాకూ ఒంట్లో బాగుండలేదు. ఎక్కువ రాయలేను.

అక్క

*

మార్చి 28

అక్కా,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. ఎందుకంటే నా దగ్గర ఇంకో కార్డు ఉంది. పదకొండో తారీకున వచ్చింది, మీ ఆయన చేతిరాత. "మరదలా, స్టాంపు పడింది. పన్నెండున మీ ఇంట్లో ఉంటాను. జావలో ఉప్పు తక్కువ వెయ్యి, ఈసారి నేనూ తాగాలి." ఈ కార్డు రాసినట్టు నీకు చెప్పలేదు కాబోలు.

కాంపౌండరు ఎయిర్‌పోర్టులో నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి మనిషి బయటికొచ్చి, తుడిచేవాళ్ళు వచ్చి, లైట్లు తగ్గించేదాకా నిలబడ్డాడు. వచ్చి నా గుమ్మంలో అట్ట పెట్టి, తల గోక్కున్నాడు.

వీసా ఇవ్వలేదన్నావు. ఇచ్చినట్టు ఆయనే రాశారు. మరి ఏమైంది? బయల్దేరే ముందు నడుం పట్టేసి, ఈ మాత్రలు ఇచ్చేస్తే నా గతేమిటని అనిపించిందా? అనిపిస్తే తప్పు కాదక్కా. నొప్పి ఏమిటో నాకు తెలీదా? ఎవరి నొప్పి వాళ్ళకి ముద్దు. ఆ ముక్క చెబితే నేను ఒక్క మాట అననుగా. అననూలేనుగా. కానీ అబద్ధమెందుకు? నన్ను పిచ్చిదాన్ని చెయ్యడమెందుకు? మన ఇద్దరిలో అబద్ధాలాడేది ఎప్పుడూ నేనే, నీకు ఆ విద్య రాదు.

మిషను మీద గుడ్డ కప్పేశాను. తెచ్చిన బట్టలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేశాను.

మైకు

*

ఏప్రిల్ 10

నా బంగారుతల్లీ,

ఆయన బయల్దేరారు. నీ దగ్గరికే బయల్దేరారు. నేనే విమానం ఎక్కించాను.

మధ్యలో దిగే ఊళ్ళో పట్టుకున్నారు. ఇప్పుడు అక్కడి జైల్లో ఉన్నారు.

నీకు తెలిస్తే నొప్పి మీద నొప్పి అవుతుందని అబద్ధం రాశాను. నిజంగానే నాకు ఆ విద్య రాదు. మీ ఆయన అని రాశావే, బావ అని రాయలేదే, ఆ మాట చదివి దుప్పట్లు ఉతికే మిషను పక్కన కూలబడ్డాను. ఆయన గురించి నువ్వు అలా అనుకుంటూ ఉండగా నోరు మూసుకోవడం నా వల్ల కాదు.

జరిగింది ఆ ఊరి లాయరు రాస్తే తెలిసింది. కోర్టువాళ్ళే పెట్టిన లాయరు, కుర్రవాడు, మర్యాదస్తుడు. బ్యాగు తీసుకుని బయటికి వచ్చేచోట రెండు దారులు ఉంటాయట. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళకొకటి, ఉన్నవాళ్ళకొకటి. జనమంతా మొదటి దారినే పోతున్నారు. ఈయన పనిగట్టుకుని రెండో దారిలోకి వెళ్ళి, సీసా తీసి బల్ల మీద పెట్టారు. వెళ్ళే ముందు నేనే చెప్పాను. "ఏదైనా ఉంటే ముందే చెప్పెయ్యండి, దాచితేనే దొంగతనం," అని.

ఆఫీసరు అడిగాడట, "ఇవి నీవేనా?" అని. ఔనంటే సరిపోయేది. సీసా మీద ఆయన పేరుంది, ఆయన డాక్టరు చీటీ ఉంది. మహా అయితే మాత్రలు లాక్కుని వదిలేసేవారన్నాడు లాయరు. ఈయన ఏమన్నారో తెలుసా? "సీసా మీద పేరు నాదే గానీ, మాత్రలు మాత్రం మా మరదలివి." దుబాసీ అది ఉన్నదున్నట్టు రాసిపెట్టాడు. ఆ తర్వాత ఈయన చొక్కా జేబులోంచి డాక్టరమ్మ ఉత్తరం కూడా తీసి ఇచ్చారు. నేను కోరి రాయించుకున్న ఉత్తరం. రోగి తన మందు తను తెచ్చుకుంటే ఒక సెక్షను, ఇంకొకరికి తీసుకెళ్తే ఇంకో సెక్షను. రెండోదాన్ని అక్కడ మత్తుమందు రవాణా అంటారు. అందులోనూ ముందస్తు అనుమతి లేదు. అనుమతి తీసుకోవాలని మనకి చెప్పినవాళ్ళెవరు?

ఒకే టికెట్టు మీద వెళ్ళి లోపలే కూర్చుని ఉంటే ఆ బల్ల దగ్గరికి వెళ్ళే పనే ఉండేది కాదు. అదీ లాయరే రాశాడు. రాయకుండా ఉండాల్సింది.

కేసు నడుస్తోంది. ఏళ్ళు పడొచ్చట.

నీకేమి పంపగలనో తెలీదు. నా చేతులు ఖాళీ.

అక్క

*

ఏప్రిల్ 21

అక్కా,

బావగారిని ఎన్నేసి మాటలన్నాను. ఆ కాగితం నువ్వు చింపేశావా? చింపెయ్యి. ఆయనకి చదివి వినిపించే అవకాశం లేకపోవడం ఒక్కటే మంచిదయింది.

నా గురించి దిగులు పెట్టుకోకు. మన అదృష్టం కొద్దీ ఇక్కడే మాత్రలు వచ్చాయి. పెద్దాసుపత్రికి స్టాకు వచ్చిందని డాక్టరమ్మ మనిషి చేత పంపించింది. పూటకొకటి వేసుకుంటున్నాను. హాయిగా ఉంది. నిన్న మిషను మీద గుడ్డ తీసి రెండు దిండు గలేబులు కుట్టాను. ఇక నా సంగతి మరిచిపో, నీ ధ్యాసంతా ఆయన మీదే పెట్టు. ఆ లాయరు కుర్రవాడికి ఏం కావాలో చూడు.

వేళకి తింటున్నావా?

మైకు

*

మే 4

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చింది. సంతోషం.

సంతోషమని రాశాను గానీ, ఏడు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను. అబద్ధం నాకు చేతకాదని నువ్వే అన్నావు, అందుకని రాసేస్తున్నాను. మీ ఊళ్ళోనే దొరికాయన్నమాట. డాక్టరమ్మ మనిషి చేత ఇంటికే పంపిందన్నమాట. మరి ఫిబ్రవరిలో ఈ డాక్టరమ్మ ఎక్కడుంది? మార్చి నెలాఖరు దాకా ఆగగలవా అని అడిగాను. ఆగలేనన్నావు. ఏ విమానం ముందుంటే అందులో రమ్మన్నావు. ఇంకొక్క నెల ఓర్చుకుని ఉంటే నీ స్టాకు నీకు వచ్చేది, నా మనిషి నా ఇంట్లో ఉండేవాడు.

నీకు చిన్నప్పటి నుంచీ అంతే. ఏడిస్తే వచ్చేస్తుంది. బొమ్మ అయినా, పలక అయినా, కిటికీ పక్క చోటయినా. ఇచ్చేదాన్ని నేను. ఈసారి ఏమి ఇచ్చానో చూసుకున్నావా?

నిన్న జైలు నుంచి ఆయన కార్డు వచ్చింది. వాళ్ళు చదివి పంపేదాంట్లో ఏం రాస్తారు? నేల మీద పడక అని, నడుముకి మాత్రం కాస్త ఇబ్బంది అని. చివర్న, "మరదలికి ఎలా ఉంది?" అని. హాయిగా ఉందని రాశాను. నువ్వన్న మాటే.

దిండు గలేబులు కుట్టుకో.

అక్క

*

మే 29

అక్కా,

ఈ ఉత్తరం ముక్కలు ముక్కలుగా, నాలుగైదు రోజులు రాశాను. అక్షరాలు గుడ్డికోడి గీసినట్టున్నాయి, సర్దుకుని చదువుకో.

మాత్రలు రాలేదు. స్టాకూ లేదు, మనిషీ లేడు, దిండు గలేబులూ లేవు. నీకు ఒక బరువు తగ్గుతుందని రాశాను. నీ కోపం చూశాక తెలిసింది, నాకూ ఆ విద్య రాదని. నువ్వు రాసింది తప్పు కాదు. ఆగలేనన్నది నేనే. అబద్ధం తీసేసినా ఆ మాట అక్కడే ఉంటుంది.

నీ లాయరు నాకు వేరుగా రాశాడు. నేను ప్రమాణపత్రం ఇస్తే, అసలు రోగి ఉందనీ, మాత్రలు అడిగింది తనేననీ, ఆయనకి అందులో ఒక్క దమ్మిడీ లాభం లేదనీ రాసిస్తే, జడ్జి కనికరించవచ్చునట. మన జిల్లా కోర్టు ఉన్న ఊరికి వెళ్ళి అక్కడి ఆఫీసరు ఎదుట సంతకం పెట్టాలి. కాంపౌండరు తోడు వచ్చాడు. బస్సులో ప్రతి గొయ్యీ నా చెవి వెనకే ఉంది. మధ్యలో ఒకచోట దిగిపోతానని అతని చెయ్యి గిల్లాను. అతను తన ఏడుపుమొహం పెట్టి, "ఇంకొక్క రెండు స్టాపులమ్మా," అన్నాడు. అబద్ధం. ఇంకా చాలా ఉన్నాయి.

ఆఫీసరు కాగితం చదివి, "ప్రమాణం నోటితో చెప్పాలమ్మా," అన్నాడు. మెడకున్న గుడ్డ తొలగించి చూపించాను. పాపం, తల తిప్పేసుకున్నాడు. "నాకు తెలుసు, కానీ రూలు," అన్నాడు. పక్కన టైపు కొడుతున్నావిడ, "సార్, ఆవిడ పెదాలు కదుపుతుంది. మీకు వినపడలేదని రూల్లో ఉందా?" అంది. ఆయన కాసేపు ఫ్యానుకేసి చూసి, సరేనన్నాడు. ఆ ముక్కలన్నీ పెదాలతో చెప్పాను అక్కా. ఒక్కటి కూడా మింగలేదు. చివర్న ఆయన నెమ్మదిగా అడిగాడు. "తెలిసే పెడుతున్నారా? దీని మీద సంతకం పెడితే, ఆ దేశం లెక్కలో తెప్పించిన మనిషి మీరవుతారు. ముందు ముందు మీ పేరు మీదా కేసు రావచ్చు."

పలక మీద రాసి చూపించాను, "రానివ్వండి. ఆ జైల్లోనైనా మాత్ర ఇస్తారేమో." టైపు కొట్టే ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. ఆఫీసరు నవ్వలేదు, ఏడవలేదు, సీలు గట్టిగా నొక్కాడు.

పత్రం లాయరుకి పంపించేశాను. ఇక నా చేతిలో ఏమీ లేదు.

ఆయనకి రాసేటప్పుడు నాకు హాయిగా ఉందనే రాయి. ఆ అబద్ధం ఒక్కటి ఉండనీ.

మైకు

*

జూన్ 24

మైకూ,

నీ ఉత్తరం హోటల్ బట్టల గదిలో చదివాను. చదివాక ఉతికిన దుప్పట్లో మొహం పెట్టుకుని ఎంతసేపు ఉన్నానో. సూపర్‌వైజరు వచ్చి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు. అలా రాసినందుకు నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, అదే నాకు భరించరానిది.

నీ పత్రం పనిచేసింది. జడ్జి అది రెండుసార్లు చదివించుకున్నాడట. రవాణా అన్న సెక్షను కొట్టేసి, అనుమతి లేకుండా తెచ్చాడన్న చిన్న సెక్షను ఉంచాడు. ఇన్నాళ్ళ జైలే శిక్ష అన్నాడు. పాస్‌పోర్టులో ఒక ముద్ర వేశారు. ఆ దేశంలో ఇక దిగకూడదు, దాని మీదుగా పోనూ కూడదు. మాత్రలు? లెక్కపెట్టి, సీలు వేసి, కాల్చేశారట. కాల్చినట్టు లాయరు రసీదు పంపాడు.

ఇప్పుడు నా దగ్గరికి వస్తారనుకున్నావా? ఇక్కడ ఉండి పనిచేసుకునే పర్మిట్టు ఆయన లేనప్పుడే గడువు దాటింది. జైల్లో ఉన్నాననేది ఇక్కడ లెక్కలోకి రాదు. పాస్‌పోర్టు ఏ దేశానిదో అక్కడికే పంపిస్తారు. అంటే నీ దగ్గరికి. మార్చి పన్నెండున రావలసిన మనిషి జూలైలో వస్తున్నారు, చేతులూపుకుంటూ.

నా పర్మిట్టు ఆయన పర్మిట్టుకి కట్టి ఉంది గనక నన్నూ వెళ్ళమన్నారు. వెళ్ళమంటారు గానీ ఏ దారిన వెళ్ళాలో చెప్పరు. దగ్గరి దారి ఆ ఊరి మీదుగానే. ఆ ముద్ర ఉన్నవాడి పెళ్ళాన్ని గనక నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలేస్తారు, ఆ దారి వద్దు అన్నాడు లాయరు. ఇంకో దారిలో రెండుచోట్ల మారాలి, రెండు దేశాల ట్రాన్సిట్ వీసాలు కావాలి. ఒక దేశం ఇచ్చింది. రెండోది నా భర్త పోలీసు రికార్డు తెమ్మంటోంది. అది తెస్తే ఇవ్వరని, తేకపోతే తీసుకోరని ఆ ఆఫీసు గుమ్మంలో నాలాంటి ఇంకో ఆవిడ చెప్పింది. రోజూ వెళ్ళి కూర్చుంటున్నాను. రెండు విమానాశ్రయాల్లో బెంచీ మీద కూర్చోవడానికి మనిషి ఇంత పుణ్యం చేసుకుని ఉండాలా?

ఆయన్ని చూసుకో. లేదు, నువ్వెలా చూసుకుంటావు? ఆయన్నే నిన్ను చూసుకోమను. ఏం రాస్తున్నానో నాకే తెలీడం లేదు.

మీ అక్క

*

జూలై 19

అక్కా,

బావగారు వచ్చారు. కాంపౌండరు మళ్ళీ ఆ అట్టే పట్టుకుని వెళ్ళాడు. ఆయన చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉంది, లోపల మనిషి ఉన్నాడా అని వెతుక్కోవాలి. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచి నాకు చూపించి, "ఖాళీగా వచ్చాను మరదలా," అన్నారు. అదొక్కటే అన్నారు. నేను పలక వెతుక్కుంటుంటే నా చేతిలోంచి బలపం తీసేసుకుని, "ఏమీ రాయొద్దు," అన్నారు.

హాయిగా ఉందన్న అబద్ధం నా మొహం చూసిన క్షణంలోనే పోయింది. మొదటి రోజు నావైపు సరిగ్గా చూడలేకపోయారు. రెండో రోజు నుంచి పనిలో పడ్డారు. మిషను పెడలు బిగించారు. తలుపు గడియ మార్చారు. నీళ్ళ కుళాయి కారడం ఆపారు. పనేదీ దొరకనప్పుడు బిగించిన పెడలే విప్పి మళ్ళీ బిగిస్తున్నారు. స్టూలు మీంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటారు. ఆ నేల పడకతో నడుం మొత్తం పోయిందట, ఈయనకి రాసే మాత్ర కూడా మా ఊళ్ళో లేదుగా. ఇద్దరిదీ ఒకటే మాత్ర, ఇద్దరికీ లేదు.

డాక్టరమ్మ నిన్న వచ్చి ఆయన్ని వీధి చివరి దాకా తీసుకెళ్ళి మాట్లాడింది. తిరిగొచ్చి నాకు జావ కలిపారు, ఉప్పు వెయ్యడం మరిచిపోయారు. అందులోనే అర్థమైంది ఏం చెప్పిందో. నాకు భయంగా లేదక్కా. భయానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

నువ్వు రా. ఆ రెండో దేశం ఇస్తే ఆ దారిన రా, ఇవ్వకపోతే ఇచ్చే దేశమేదో కనుక్కుని రా. ఏ బల్ల దగ్గర ఏమడిగినా, నా దగ్గర ఏమీ లేదని చెప్పేలా రా. తలనొప్పి మాత్ర కూడా సంచిలో వద్దు. నేను ఉండగా వస్తావా, పోయాక వస్తావా అన్నది ఇప్పుడు ఎవరో స్టాంపు కొట్టే ఆయన చేతిలో ఉంది. ఆయన మీద నాకు కోపం లేదు. నీ మీద ఎప్పుడూ లేదు.

ఒక సంగతి రాసి ఆపేస్తాను, చెయ్యి లాగుతోంది. ఆయన ముందు గదిలో చాప మీద, నేను లోపలి గదిలో మంచం మీద. మధ్యలో చెక్కగోడ. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇద్దరం నడుం వాలుస్తాం. అప్పుడే నాకు బాగా తిరగబెడుతుంది. ఒక్కోసారి మంచం పట్టె కొరికేస్తాను. అవతల ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని మూలగడం నాకు వినపడుతూనే ఉంటుంది. నాకు వినపడకూడదనే ఆ తువ్వాలు. నాకు ఆ ఇబ్బంది లేదు, నేను ఎంత గట్టిగా అరిచినా చప్పుడు రాదు.

ఇవాళ సాయంత్రం లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి, చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వుమొహంతో అన్నారు, "మధ్యాహ్నం బాగా నిద్రపట్టినట్టుందే మరదలా, అలికిడే లేదు."

తలూపాను.

నీ మైకు